గంట విమానం మెట్టకు గంటేనా?

జగ్గయ్యపేట: గన్నవరంలో విమానమెక్కితే గంటలో హైదరాబాదులో దిగవచ్చునంటారు. మాట నిజమే. అయితే ఆ గంట ఎవరికి కలిసివస్తున్నదో మెట్ట ప్రాంతం వారు ఒకసారి లెక్క వేసి చూసుకోవాలి.

గన్నవరం నుంచి శంషాబాదుకు ఆకాశంలో తిన్నగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. విజయవాడ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద 270 పైచిలుకు. దూరంలో పెద్ద తేడా లేనట్లే! గన్నవరం విజయవాడకు ఇంకా తూర్పున, శంషాబాదు హైదరాబాదుకు అవతల ఉండటమే ఇందుకు కారణం. పూర్వం బేగంపేటలో, ఊరి నడుమనే దిగేవారు. 2008 మార్చిలో విమానాలు శంషాబాదుకు తరలిన తర్వాత ఆ సౌకర్యం కూడా పోయింది.

పేట వారి సంగతి మరీ విడ్డూరం. హైదరాబాదు పడమర ఉండగా వారు ముందు తూర్పుకు బయలుదేరాలి. నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, విజయవాడ దాటి గన్నవరం చేరాలంటే దాదాపు వంద కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. అక్కడ తనిఖీలకని గంట ముందే హాజరు కావాలి. తీరా ఎక్కిన విమానం వారి పొలాలకు కాస్త దక్షిణంగా, వచ్చిన దిక్కుకే తిరిగి పోతుంది. శంషాబాదులో దిగి ఎల్బీనగర్ చేరేసరికి మరో గంట. వెరసి ఐదారు గంటలు. పేటలో బస్సెక్కినవారు నాలుగు గంటల్లో ఎల్బీనగర్‌లో దిగి టీ తాగుతుంటారు.

గన్నవరం విమానాశ్రయం వద్దని ఎవరూ అనరు. దూర దేశాలు పోయేవారికి అది మేలే. కాని మెట్టకు ప్రాణం రోడ్డు. ఒకప్పటి 9వ నెంబరు, ఇప్పటి 65వ నెంబరు జాతీయ రహదారి సంగతేమిటి? 2023 జూలైలో ఐతవరం వద్ద మున్నేరు వరద రోడ్డెక్కి రాకపోకలు నిలిచిపోయాయి. ఏడాది తిరిగిందో లేదో, 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే చోట అదే కథ. ఈసారి పడమర గరికపాడు వద్ద పాలేరు వంతెన కూడా దెబ్బతిన్నది. తూర్పున మున్నేరు, పడమర పాలేరు, నడుమ జగ్గయ్యపేట. ఆస్పత్రికి పోవలసిన రోగి ఎటు పోవాలి? విమానమెక్కుదామన్నా ముందు ఐతవరం దాటాలి కదా!

ఈ రహదారిని ఆరు వరుసలు చేస్తామంటున్నారు. సంతోషమే. అయితే వెడల్పు కంటే ముందు ఎత్తు సంగతి చూడాలి. ఐతవరం వద్ద వరద మట్టానికి పైన రోడ్డు వేసి, కింద నీరు పోయే దారి చాలినంత వదలాలి. లేకుంటే ఆ నీరు పక్క ఊళ్ల చేల మీద పడుతుంది. ఎత్తు పెంచేటప్పుడు ఇంజనీర్లు ఆ రైతుల మాట కూడా వినాలి. పనిలో పనిగా, ఊళ్లోకి రాని దూరపు బస్సుల కోసం అర్ధరాత్రి హైవే మీద నిలబడే ఆడవారికి, ముసలివారికి ఒక నీడ, ఒక దీపం ఏర్పాటు చేస్తే ఖర్చు ఏపాటి?