ఆటలోని వీరుడు ఏడవవచ్చునా?

గత సంవత్సరం ఒక జనాజా దగ్గర మేము ఒక మాట అన్నాము. ఆ మాటను వెనుకకు తీసుకొనటానికే ఈ నెల ఈ పుటను వినియోగించుకుంటున్నాము. పాఠక సోదర సోదరీమణులు మన్నించాలి. విషయం వీడియో గేములకు సంబంధించినది కావటం కొందరికి మరింత విడ్డూరంగా తోచవచ్చు. ఇన్నేళ్లుగా మద్రసాలో అరబీ వ్యాకరణం బోధిస్తూ వచ్చిన మాకు ఆ ఆటలతో ఉన్న పరిచయమల్లా, తరగతిలో పిల్లల జేబుల నుండి ఫోన్లు తీయించి అల్మారాలో పెట్టి తాళం వేయటమే.

మా చెల్లెలి భర్త గుండెపోటుతో హఠాత్తుగా మరణించారు. పెద్దకొడుకు వయస్సు 17 సంవత్సరాలు, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. ఖబరస్తానులో తండ్రి మీద మూడు గుప్పిళ్ల మట్టి వేసి లేచినప్పుడు వాడి కింది పెదవి వణకటం మేము చూశాము. వెంటనే, "బేటా, ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే. నువ్వే ఏడిస్తే మీ అమ్మీకి ధైర్యం చెప్పేదెవరు? మగపిల్లవాడివి, ఏడవకు" అన్నాము. వాడు ఏడవలేదు. ఆ రోజే కాదు, తరువాత కూడా ఏడవలేదు. మేము దానిని సబ్ర్ అనుకున్నాము. నలుగురిలో మెచ్చుకున్నాము కూడా.

ఏడు నెలల తరువాత ఒక రాత్రి ఇషా నమాజు ముగించి ఇంటికి వచ్చేసరికి చెల్లెలి ఫోను. "భాయిజాన్, వీడు రాత్రిళ్లు దుప్పటి ముసుగులో ఫోను చూస్తూ ఏడుస్తున్నాడు. అడిగితే ఏదో ఆట అంటాడు. ఇంకొక సంగతి. వాళ్ల అబ్బా నంబరు ఆపేశామనుకున్నాను. వీడు తన ఖర్చులకిచ్చిన డబ్బులతో నెలనెలా దానికి రీచార్జి చేయిస్తున్నాడు. ఒకసారి వచ్చి మాట్లాడండి." రెండవ సంగతిని మేము అంతగా పట్టించుకోలేదు. ఆట అన్న మాట వినగానే మందలించవలసిన వాక్యాలన్నీ బస్సులోనే సిద్ధం చేసుకొని వెళ్లాము.

తీరా చూస్తే ఆడుతున్నది వాడు కాదు. ఎవరో ఆడగా తీసిన వీడియోను వాడు చూస్తున్నాడు. ప్లేస్టేషన్ కొనుక్కునే స్తోమత లేని పిల్లలు ఇతరుల ఆటలను ఈ విధంగా ఆరంభం నుండి అంతం వరకు చూస్తారని మాకు అప్పుడే తెలిసింది. ఆట పేరు 'ది లాస్ట్ ఆఫ్ అస్'. నాటీ డాగ్ అనే అమెరికా సంస్థ 2013లో విడుదల చేసినది. ఐరోపాలో దాని అట్ట మీద 18 అనే అంకె ముద్రించి ఉంటుంది. అంతకు తక్కువ వయస్సు వారికి తగదని అర్థం. అందులోని హత్యలను బట్టి ఆ ముద్ర సబబైనదే. మేము నోరు తెరిచేలోగా వాడు, "మామూ, మొదట్లో కొంచెం చూడండి. తరువాత ఎంతైనా తిట్టండి" అన్నాడు. పక్కన కూర్చున్నాము.

జోయెల్ అనే తండ్రి తన కూతురిని ఒంటరిగా పెంచుకుంటున్నాడు. పుట్టినరోజు అర్ధరాత్రికి గానీ ఇల్లు చేరడు. మెలకువగా ఎదురుచూసిన ఆ పిల్ల అతనికి ఒక చేతి గడియారం బహుమతిగా ఇస్తుంది. అదే రాత్రి ఊరిలో మనుషులను క్రూరులుగా మార్చే వ్యాధి ప్రబలుతుంది. ఆశ్చర్యమేమిటంటే, ఆట మొదట్లో ఆడేవాని చేతిలో ఉండేది తండ్రి కాదు, ఆ పిల్లే. చీకటి ఇంట్లో తండ్రిని వెతుక్కుంటూ గది గదికీ నడిపించేది మనమే. తరువాత కాలికి దెబ్బ తగిలిన ఆమెను ఎత్తుకొని తండ్రి పరుగెడతాడు. అప్పుడు ఆ పరుగు మన వేళ్లలోకి వస్తుంది. ఇక తప్పించుకున్నారు అనుకునే చోట ఒక సైనికుడు ఆజ్ఞకు లోబడి కాల్పులు జరుపుతాడు. పిల్ల తండ్రి చేతులలోనే ప్రాణం విడుస్తుంది. అతడు గొంతు పూడుకుపోగా బిగ్గరగా ఏడుస్తాడు. ఆ సమయంలో ఆడేవాడు ఏ మీట నొక్కినా ఏమీ జరగదు. ఆ తరువాత కథ 20 సంవత్సరాలు ముందుకు దూకుతుంది. జోయెల్ గడ్డం నెరిసింది, మనస్సు బండబారింది, కూతురి ప్రస్తావన తెస్తే సహించడు. చేతికి మాత్రం ఆగిపోయిన ఆ గడియారమే.

చూడటం అయ్యాక వాడు చెప్పిన మాటలను వీలైనంత యథాతథంగా రాస్తున్నాము. "పబ్జీలో మనిషి చస్తే అక్కడొక పెట్టె మిగులుతుంది మామూ. ఎవరో వచ్చి అందులోని తుపాకీ, మందులు తీసుకుని పోతారు. అంతే. అబ్బా పోయిన రోజు మా ఇంట్లో కూడా అట్లాగే అనిపించింది. బీరువా తాళాలెక్కడ, బ్యాంకు పుస్తకమెక్కడ, బండి కాగితాలెక్కడ అని అందరూ నన్నే అడిగారు. ఈయన దగ్గర ఎవరూ ఏమీ అడగటం లేదు. ఏడవనిచ్చారు."

బండి కాగితాలు అడిగినది మేమే.

ఆ తరువాత మద్రసాలోని పెద్ద విద్యార్థులను పిలిపించి, తిట్టబోమని హామీ ఇచ్చి, ఈ ఆటల గురించి వారి దగ్గర పాఠం చెప్పించుకున్నాము. ఒక్కొక్కరికి ఎంత తెలుసో చూసి గుండె గుభేలుమన్నది. అది వేరే విషయం.

ఆటలోని వీరుడు ఏడవకపోవటానికి మొదటి కారణం చాలా సామాన్యమైనది. ఏడవటానికి అతనికి ముఖం లేదు. 1981లో జపానుకు చెందిన షిగెరు మియామోతో 'డాంకీ కాంగ్' ఆటలో మారియో అనే బొమ్మను గీసినప్పుడు, ఉన్న కొద్దిపాటి చుక్కలలో నోరు గీయటం కుదరక మీసం పెట్టాడు. మీసాలకు రోషం కారణమనుకునే మనవంటి వారికి ఇది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. నోటికే చోటు లేని ముఖంలో కన్నీటి చుక్కకు చోటెక్కడిది? అయినా ఆ ఆశ అప్పుడే ఉన్నది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే కొత్త సంస్థ 1983లో ఇచ్చిన ఒక ప్రకటనలో, కంప్యూటరు మనిషిని ఏడిపించగలదా అని ప్రశ్నించింది. ఆ మారియో సైతం 1995లో వచ్చిన 'యోషీస్ ఐలాండ్'లో ఏడుస్తాడు, అదీ పసిబిడ్డగా. వాహనమైన డైనోసారుకు దెబ్బ తగిలితే బిడ్డ బుడగలో తేలిపోతూ గుక్కపట్టి ఏడుస్తాడు. గడువు ముగిసేలోగా పట్టుకోవాలి. ఆ ఏడుపు వినలేక ఆడినవారంతా పరుగులు తీశారట. పెద్దవాడైన మారియో మాత్రం గెంతటమే.

ఇప్పుడు ముఖాలున్నాయి. నటుల ముఖకవళికలను కెమెరాలతో పట్టి బొమ్మలకు అతికిస్తున్నారు. జోయెల్ ఏడుపు ట్రాయ్ బేకర్ అనే నటుని ఏడుపే. ఇక మిగిలినది రెండవ కారణం. దీనిని మా విద్యార్థులలో ఒకడు బలంగా వాదించాడు. "హజ్రత్, ఆటలో వీరుడంటే ఆడేవాడే. వాడు ముందుగా ఏడ్చేస్తే నేను చేయవలసిన పనిని వాడే చేసినట్లవుతుంది. నాకు దుఃఖం రాకముందే వాడు ఏడిస్తే అబద్ధంగా ఉంటుంది." 1998లో వచ్చిన 'హాఫ్ లైఫ్' ఆటలో గోర్డన్ ఫ్రీమన్ అనే కథానాయకుడు ఆద్యంతం ఒక్క మాట కూడా మాట్లాడడని, అందువల్లనే ఆ భయం, ఆ బాధ పూర్తిగా తనవి అయ్యాయని ఉదాహరణ చూపించాడు. వాదనలో పస ఉన్నది. కొన్ని రోజులు మేము అతని పక్షమే వహించాము.

కానీ మృతుని ఇంటిని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. వచ్చినవారు వచ్చినట్లు గోడల వెంట కూర్చుంటారు. ఎండ గురించి, రైలు ఆలస్యం గురించి మాట్లాడుకుంటారు. ఎక్కడి నుండో మృతుని చిన్ననాటి స్నేహితుడొకడు వచ్చి గుమ్మంలోనే కూలబడి భోరుమంటాడు. అప్పటి వరకు బిగబట్టుకున్న ఇల్లంతా ఒక్కసారిగా కరుగుతుంది. ఆ స్నేహితుడు ఎవరి దుఃఖాన్నీ లాగుకోలేదు, తలుపు తెరిచాడు. దుఃఖం తెలిసిన ఆటగానికి మౌనవీరుడు చాలునేమో. దుఃఖించరాదని పెద్దలు కట్టడి చేసిన కుర్రవానికి మాత్రం ముందుగా ఏడ్చేవాడొకడు కావాలి. మా మేనల్లునికి ఆ ఒక్కడు అమెరికా నుండి బొమ్మగా రావలసి వచ్చింది. బంధువర్గంలో అంతమంది మగవాళ్లముండి!

అయితే ఏడుపును మీటగా మార్చితే అంతకంటే హాస్యాస్పదమైనది లేదు. 2014 నాటి ఒక 'కాల్ ఆఫ్ డ్యూటీ' ఆటలో మిత్రుని అంత్యక్రియల దృశ్యమున్నది. శవపేటిక ముందు నిలబడగానే, నివాళి అర్పించటానికి ఫలానా మీట నొక్కండి అని తెర మీద అక్షరాలు వస్తాయి. ప్రపంచమంతా నవ్వింది. నేటికీ కుర్రవాళ్లు ఎవరి ఫోను పగిలినా ఆ మీట అక్షరాన్ని సందేశంగా పంపుకుంటారు. మేము నవ్వలేకపోయాము. పరామర్శకు వెళ్లి, నేర్చుకున్న రెండు వాక్యాలు అప్పజెప్పి, టీ తాగి వచ్చేవారు ఏ మీట నొక్కుతున్నట్లు?

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 2016లో వచ్చిన 'దట్ డ్రాగన్, క్యాన్సర్'. ర్యాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ అనే అమెరికా దంపతుల పసికొడుకు జోయెల్‌కు క్యాన్సర్ సోకింది. (పై కథలోని తండ్రి పేరూ ఇదే కావటం యాదృచ్ఛికం.) బిడ్డ 2014లో, అయిదేళ్ల వయస్సులో మరణించాడు. ఆ తల్లిదండ్రులు మరికొందరితో కలిసి తమ అనుభవాన్నే ఆటగా చేశారు. అందులో ఒక రాత్రి ఆసుపత్రి గది. బిడ్డ దాహంతో, నొప్పితో ఎడతెగకుండా ఏడుస్తుంటాడు. ఆడేవాడు బిడ్డను ఊపవచ్చు, పళ్లరసం పట్టవచ్చు, అటూ ఇటూ తిరగవచ్చు. ఏదీ పనిచేయదు. గెలిచే దారి లేదు. చివరికి తండ్రి ఓడిపోయి ప్రార్థనకు పూనుకుంటాడు, బిడ్డ సద్దుమణుగుతాడు. వారు క్రైస్తవులు, వారి ప్రార్థన వారిది. కానీ ఆసుపత్రి వరండాలో అటువంటి రాత్రి గడిపిన ఏ తండ్రి అయినా దానిని గుర్తుపడతాడు. ఆటల రంగంలో ఇది అరుదైన సంగతి. వీరునికి చేతకానితనాన్ని ఇవ్వటమన్నది కన్నీటిని ఇవ్వటం కంటే కష్టం.

మరొక ఆట ఉన్నది. దాని పేరు ఉచ్చరించటానికే మా నాలుక వెనుకాడింది. 'గాడ్ ఆఫ్ వార్'. దేవతలు, వారి మీద యుద్ధాలు, మన విశ్వాసానికి ఏమాత్రం పొసగని సరుకు. రక్తపాతం చెప్పనలవి కాదు. ఇంట్లో ఆడనివ్వమని మేము అనటం లేదు. దాని నాయకుడు క్రేటోస్ 2005 నుండి కోపానికి ప్రసిద్ధుడు. 2018 నాటి కథలో అతనికి ఒక కొడుకుంటాడు. తల్లి మరణించింది, చితాభస్మాన్ని తండ్రీకొడుకులు పర్వతశిఖరానికి మోసుకుపోతుంటారు. ఆరంభంలోనే ఒక వేట. పిల్లవాడు మొదటిసారిగా లేడిని చంపవలసి వచ్చి వణికిపోతాడు. తండ్రి అతని వీపు నిమరటానికి చేయి చాపుతాడు. చేయి గాలిలో ఆగుతుంది. వెనుకకు తీసుకుంటాడు.

ఈ దృశ్యాన్ని మేము మూడుసార్లు పెట్టించుకొని చూశాము. ఖబరస్తానులో మా చేయి కూడా లేచింది. అది కూడా వెనుకకే వచ్చింది. దాని స్థానంలో మా నోటి నుండి ఉపదేశం వచ్చింది.

2022లో వచ్చిన తరువాయి భాగం ముగింపులో ఆ క్రేటోస్ కన్నీరు కారుస్తాడు. కారణం, జనులు తనను ఆరాధిస్తున్నట్లు చిత్రించిన ఫలకం. ఆ కారణాన్ని మేము హర్షించలేము. కానీ 17 సంవత్సరాల పాటు కోపాన్ని ఆడుతూ పెరిగిన యువకులు ఆ ముఖం తడవటం చూశారు. అందులో కొందరికి ఇప్పుడు బిడ్డలున్నారు.

ఇన్ని ఆటల వద్దకు తిరిగి రావలసిన అవసరమేమిటని మాలోని మౌల్వీ మమ్మల్ని నిలదీశాడు. దైవప్రవక్త (స) తన పసికుమారుడు ఇబ్రాహీం తుదిశ్వాస వేళ కన్నీరు కార్చారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యంతో ప్రశ్నిస్తే, ఇది కారుణ్యమని తెలిపారు. ఆయన వారించినది చెంపలు బాదుకొనటాన్ని, బట్టలు చింపుకొనటాన్ని. కంటి తడిని కాదు. యూసుఫ్ (అలై) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ (అలై) కళ్లు తెల్లబడిన వృత్తాంతాన్ని మేము ఎన్నిసార్లు బోధించామో లెక్క లేదు. పాఠం చెప్పేటప్పుడు గుర్తున్నది ఖబరస్తానులో ఎందుకు గుర్తు రాలేదు? అక్కడ మాట్లాడినది చదువు కాదు. మా నాన్నగారు మాకు చెప్పిన మాటను మేము వాడికి అందజేశాము, అంతే. వారికి వారి నాన్నగారు చెప్పి ఉంటారు.

పరీక్షలు దగ్గరపడుతున్నందున రాత్రి 10 గంటల తరువాత ఫోను అమ్మీకి అప్పగించాలని మేనల్లునికి షరతు పెట్టాము, ఒప్పుకున్నాడు. మరునాడు ఫజ్ర్ తరువాత ఇద్దరం ఖబరస్తానుకు వెళ్లాము. సలాం చెప్పి నిలబడ్డాము. "ఆ రోజు నిన్ను ఏడవవద్దనటం నా తప్పు బేటా" అని చెప్పటానికి ప్రయత్నించాము కానీ సగంలోనే మా గొంతు మొరాయించింది. ముందుగా ఏడ్చినది మేమే. కొంతసేపటికి వాడు. ఈసారి చేయి వెనుకకు రాలేదు.

తిరిగి వచ్చేదారిలో అప్పుడే షట్టరు ఎత్తుతున్న ఒక దుకాణం ముందు వాడు ఆగాడు. వాళ్ల అబ్బా నంబరు గడువు ఆ రోజుతో ముగుస్తుందట. జేబులు తడుముకుంటుంటే మేము డబ్బులు తీసి ఇచ్చాము.