సముద్ర మైన్లు: వేసేది నిమిషాల్లో.. తీసేది డైవర్ చేతులతో! యుద్ధం ఆగినా ఆగని డ్యూటీ ఇది

మిసైళ్లు, డ్రోన్లు, ఫైటర్ జెట్లు.. యుద్ధం అనగానే టీవీ తెరపై కనిపించేవి ఇవే. కానీ ఒక దేశానికి వచ్చే గోధుమలు, నూనె, పెట్రోల్ ఆగిపోవాలంటే అంత హడావుడి అక్కర్లేదు. ఓడరేవు దారిలో మైన్లు పడ్డాయన్న వార్త చాలు, నౌకలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. వాటిని వెతికి తీసే పని చాలాసార్లు చివరికి ఒక్క మనిషి దగ్గరికే వస్తుంది. అతనే నేవీ క్లియరెన్స్ డైవర్. యుద్ధ వార్తల్లో అతని పేరు పెద్దగా వినిపించదు. అసలు అతను చేసే పనేంటి? ఈ విషయంలో మన దేశం ఎక్కడ ఉంది?

వంటనూనెకు, నల్ల సముద్రానికి లింకేంటి?

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడికి దిగింది. కొద్ది రోజుల్లోనే ఇక్కడ కిరాణా షాపుల్లో సన్‌ఫ్లవర్ ఆయిల్ ధర ఎగబాకింది. అప్పట్లో మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. యుద్ధంతో ఒడెసా వైపు రేవులు మూతపడ్డాయి. బాంబుల భయం ఒకటైతే, నీళ్లలో మైన్ల భయం ఇంకొకటి.

అవి వేసిన చోటే ఉన్నాయా అంటే అదీ లేదు. తాడు తెగిన మైన్లు అలల మీద కొట్టుకుపోయాయి. 2022 మార్చి 26న ఒకటి ఏకంగా ఇస్తాంబుల్ దగ్గర బోస్ఫరస్ జలసంధి ముఖద్వారంలో తేలింది. ఆ దారిలో నౌకల రాకపోకలను కాసేపు ఆపేశారు. టర్కీ నేవీ డైవర్లు వెళ్లి దాన్ని నిర్వీర్యం చేశారు. రెండు రోజులకే రొమేనియా తీరంలో ఇంకొకటి కనిపించింది. అక్కడా డైవర్లే దిగారు.

ఈ పని ఎంత సున్నితమో అదే ఏడాది సెప్టెంబర్ 8న తేలిపోయింది. కాన్‌స్టాంటా రేవుకు ఈశాన్యంగా తేలుతున్న ఒక మైన్‌ను తొలగించేందుకు రొమేనియా నౌక వెళ్లింది. గాలి, అలల జోరుకు డైవర్ల పని సాగలేదు. ఆ సమయంలోనే మైన్ నౌక వెనుక భాగం దగ్గర పేలింది. సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు, నౌకకు చిల్లు పడింది. మైన్లు తీయడానికి కట్టిన నౌక పరిస్థితే ఇలా ఉంటే, ధాన్యం మోసే మామూలు ఓడల సంగతి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్ 27న డాన్యూబ్ రేవులో ధాన్యం ఎక్కించుకోవడానికి వెళ్తున్న పనామా జెండా నౌక ఒకటి మైన్‌ను ఢీకొంది. ఇద్దరు గాయపడ్డారు.

ఆ తర్వాత టర్కీ, రొమేనియా, బల్గేరియా చేతులు కలిపాయి. 2024 జనవరి 11న ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది జూలై నుంచి మూడు దేశాల నౌకలు కలిసి మైన్ల వేట మొదలుపెట్టాయి.

చవక ఆయుధం.. ఖరీదైన దెబ్బ

మైన్ వేయడానికి పెద్ద నేవీ అక్కర్లేదు. చిన్న పడవ, టగ్ బోటు, చివరికి చేపల పడవ ఉన్నా సరిపోతుంది. 1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి రాబర్ట్స్ ఇరాన్ మైన్‌ను తాకింది. ఆ మైన్ ఖరీదు దాదాపు 1,500 డాలర్లని అంచనా. నౌకను బాగు చేయడానికి అయిన ఖర్చు మాత్రం దాదాపు 9 కోట్ల డాలర్లు. హోర్ముజ్ జలసంధి పేరు వచ్చినప్పుడల్లా చమురు మార్కెట్ ఉలిక్కిపడటానికి ఇదీ ఒక కారణం.

మైన్లలో రకాలు చాలా ఉన్నాయి. కొన్ని అడుగున బరువుకు కట్టిన తీగ మీద నిలబడి, నౌక తగిలితే పేలతాయి. ఇంకొన్ని సముద్రం అడుగునే కదలకుండా పడి ఉంటాయి. నౌక ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పు, ఇంజిన్ శబ్దం, నీటి ఒత్తిడిలో తేడా.. వీటిని పసిగట్టి పేలతాయి. కొన్నింటికి లెక్కపెట్టే మీట కూడా ఉంటుంది. మొదటి కొన్ని నౌకలను వదిలేసి, సెట్ చేసిన నంబర్ నౌక రాగానే పేలతాయి. కాబట్టి ఒక ఓడ క్షేమంగా వెళ్లింది కదా అని దారి క్లియర్ అనుకోవడానికి వీల్లేదు.

డైవర్ కింద ఏం చేస్తాడు?

సాధారణ స్కూబా డైవర్ ఊపిరి వదిలితే బుడగలు వస్తాయి. బుడగలు అంటే శబ్దం. శబ్దానికి పేలే మైన్ పక్కన అది ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే క్లియరెన్స్ డైవర్లు రీబ్రీదర్ అనే పరికరం వాడతారు. వదిలిన గాలి అందులోనే శుభ్రమై, ఆక్సిజన్ కలుపుకొని తిరిగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సిలిండర్ నుంచి కత్తి వరకు వీలైనంత వరకు అయస్కాంత ప్రభావం లేని లోహాలే వాడతారు.

రేవుల్లో నీళ్లు బురదగా ఉంటాయి. చాలాసార్లు చెయ్యి చాచితే ఆ చెయ్యే కనిపించదు. అడుగున తాడు పరిచి, దాని వెంట పాకుతూ, చేత్తో తడుముకుంటూ వెతకాలి. చేతికి తగిలింది పాత ఇనుప డ్రమ్మా, మైనా అన్నది ఆ వేళ్లే తేల్చాలి. మైన్ అని తేలితే ఎక్కువగా చేసేది దాని పక్కన పేలుడు పదార్థం అమర్చి బయటకు వచ్చేయడం. తర్వాత దూరం నుంచి పేల్చేస్తారు. రేవు కట్టడాల పక్కన పేల్చడం కుదరకపోతే, గాలి సంచులతో పైకి తేల్చి దూరంగా లాక్కెళ్లాలి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. నీటిలో పేలుడు తరంగం చాలా దూరం బలంగా ప్రయాణిస్తుంది. ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతింటాయి. అందుకే పేల్చే సమయానికి డైవర్లెవరూ నీటిలో ఉండకూడదు.

ఉమ్ ఖసర్: ఆకలి, ఓడ మధ్య మైన్లు

ఈ పని విలువ తెలియాలంటే 2003 ఇరాక్ యుద్ధాన్ని గుర్తు చేసుకోవాలి. ఇరాక్‌కు లోతైన నీళ్లున్న రేవు ఉమ్ ఖసర్. సాయం ఓడల్లో రావాలంటే అదే ప్రధాన దారి. యుద్ధం మొదలైన మార్చి నెలలోనే, పైకి మామూలుగా కనిపించే టగ్ బోట్లు, బార్జ్‌లో దాచిన 86 మైన్లను సంకీర్ణ సేనలు పట్టుకున్నాయి. అప్పటికే నీళ్లలో పడినవి ఎన్ని అన్నదే ప్రశ్న.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా క్లియరెన్స్ డైవర్లు రంగంలోకి దిగారు. అడుగును స్కాన్ చేసే రీమస్ అనే చిన్న నీటి అడుగు డ్రోన్లు వచ్చాయి. అమెరికా నేవీ శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్లను హెలికాప్టర్లలో తెచ్చారు. ఆహారం, నీళ్లు, మందులతో వస్తున్న బ్రిటన్ నౌక సర్ గాలహాడ్ మైన్ల భయంతో ఆగిపోయింది. చివరికి మార్చి 28న రేవుకు చేరింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. డ్రోన్ ఫొటో తీస్తుంది, డాల్ఫిన్ చోటు చూపిస్తుంది. కానీ అక్కడున్నది ఏంటో తేల్చి, దాని సంగతి చూడటానికి మళ్లీ డైవర్ దిగాల్సి వచ్చింది. ఇప్పుడు మైన్ దగ్గరికి వెళ్లి పేల్చేసే రిమోట్ పరికరాలు కూడా ఉన్నాయి. మనిషి ప్రాణానికి ముప్పు తగ్గించే ఆ మార్పు మంచిదే. అయినా ఇరుకైన రేవులు, బురద నీళ్లు, గోడల పక్కన మూలలు, కొత్త రకం మైన్‌ను పాడవకుండా బయటకు తేవడం.. ఇలాంటి చోట్ల డైవర్ అవసరం తీరలేదు.

బంగాళాఖాతంలోనూ ఇదే కథ

దూరం పోనక్కర్లేదు. 1971 డిసెంబర్ 16న బంగ్లాదేశ్ యుద్ధం ముగిసింది. కానీ చిట్టగాంగ్ రేవు మాత్రం ముగియలేదు. దారి నిండా మైన్లు, మునిగిన నౌకలు. కొత్త దేశానికి తిండి గింజలు రావాల్సిన రేవు అది. 1972 ఏప్రిల్‌లో సోవియట్ నేవీ బృందం వచ్చింది. పని 1974 జూన్ వరకు సాగింది. మైన్లు తొలగించారు, మునిగిన 26 నౌకలను పైకి తీశారు. భారత్-పాక్ మధ్య పూర్తిస్థాయి యుద్ధం నడిచింది రెండు వారాలే. శుభ్రం చేయడానికి రెండేళ్లు దాటింది. ఆ పనిలో ఉండగా 1973లో చనిపోయిన సోవియట్ నావికుడు యూరి రెడ్కిన్ సమాధి చిట్టగాంగ్‌లోని పతెంగాలో ఇప్పటికీ ఉంది.

అదే యుద్ధంలో విశాఖ కూడా తప్పించుకుంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో మునిగిన పాక్ జలాంతర్గామి ఘాజీ గుర్తుండే ఉంటుంది. రేవు దారిలో మైన్లు వేయడం కూడా దానికి అప్పగించిన పనుల్లో ఒకటి.

చట్టం ఏం చెబుతోంది?

1907 హేగ్ ఒప్పందం ప్రకారం తీగ తెగిన మైన్ వెంటనే పేలే శక్తి కోల్పోవాలి. యుద్ధం ముగిశాక వేసినవాళ్లు తమ మైన్లు తొలగించడానికి చేయగలిగిందంతా చేయాలి. రూల్ ఉంది. కానీ నల్ల సముద్రంలో కొట్టుకొచ్చిన మైన్లు ఎవరివన్న దానిపై రష్యా, ఉక్రెయిన్ ఒకరి మీద ఒకరు నెట్టుకున్నాయి. తీసింది మాత్రం పక్క దేశాల డైవర్లు.

మరి మన సంగతేంటి?

భారత నేవీ దగ్గర ఒకప్పుడు సోవియట్ యూనియన్ నుంచి కొన్న మైన్ తొలగింపు నౌకలు ఉండేవి. ఒక్కొక్కటిగా రిటైరయ్యాయి. చివరిది ఐఎన్ఎస్ కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో సేవల నుంచి తప్పుకుంది. కొరియా కంపెనీతో కలిసి గోవా షిప్‌యార్డ్‌లో 12 నౌకలు కట్టాలన్న ప్లాన్ 2018లోనే ఆగిపోయింది.

2025 జూలై 3న డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ 1.05 లక్షల కోట్ల రూపాయల ప్రతిపాదనలకు ప్రాథమిక ఆమోదం తెలిపింది. అందులో మైన్ తొలగింపు నౌకలు కూడా ఉన్నాయి. అయితే ఇది మొదటి మెట్టు మాత్రమే. టెండర్లు, కాంట్రాక్టు, నిర్మాణం.. ఇవన్నీ దాటి నౌక నీటిలోకి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో విషయం. 2025 మే నెలలో డీఆర్‌డీవో, నేవీ కలిసి విజయవంతంగా పరీక్షించిన కొత్త మైన్‌ను తయారు చేసింది విశాఖలోని ఎన్ఎస్‌టీఎల్ ల్యాబే. అంటే మైన్ తయారీలో మనం ముందుకెళ్తున్నాం, తీసే నౌకల దగ్గరే వెనకబడ్డాం. 2025 జూలై 18న విశాఖలో నేవీలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ డైవింగ్‌కు పెద్ద అండే. కానీ దాని ప్రధాన పని లోతు నీటి డైవింగ్, జలాంతర్గాముల రెస్క్యూ. మైన్ల వేట కాదు.

ఈ ఖాళీలో బరువంతా ఎక్కువగా పడేది కొచ్చి డైవింగ్ స్కూల్‌లో శిక్షణ పొందిన క్లియరెన్స్ డైవర్ల మీదే. నేవీ డైవర్లు తెలుగు ప్రజలకు కొత్త కాదు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు విశాఖ నుంచి వచ్చిన నేవీ బృందం గాలింపులో పాల్గొంది. ఆ సుడులు, ఆ బురద నీటిలో పని ఎంత కష్టమో అప్పుడు అందరూ చూశారు. అక్కడ పేలేది ఏదీ లేదు. మైన్ దగ్గర ఆ భరోసా కూడా ఉండదు.

విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం.. ఏపీకి, తెలంగాణకు బొగ్గు, ఎరువులు, వంటనూనె లాంటివి ఈ రేవుల మీదుగానే వస్తుంటాయి. యుద్ధం వస్తే వీటి దారుల్లో మైన్లు పడవన్న గ్యారంటీ లేదు. కొత్త నౌకలు వచ్చే వరకు ఎంతమంది డైవర్లు ఉన్నారు, వాళ్ల చేతిలో ఎలాంటి పరికరాలు ఉన్నాయి అన్నదే అసలు ప్రశ్న. నౌకల కాంట్రాక్టు ఎప్పుడన్న దానితో పాటు, ఈ లెక్క కూడా ప్రభుత్వాన్ని అడగాల్సిందే.