వీపు చూడటం మానేసిన వయసులోనే...

మా పాప వెన్ను వంకరగా ఉందని మొదట కనిపెట్టింది నేను కాదు, డాక్టరూ కాదు. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ.

ఆడపడుచు కొడుకు పెళ్లికి లంగా జాకెట్టు కుట్టించడానికి తీసుకెళ్లాను. అప్పటికి పాపకి పన్నెండేళ్లు. ఆవిడ కొలతలు తీస్తూ తీస్తూ టేపు పక్కన పెట్టి, "అమ్మా, ఈ భుజం కిందికి ఉంది చూడండి. పోయినసారి డ్రెస్సు ఒక పక్కకి లాగుతోందని మీరే అన్నారు కదా" అంది. అవును, అన్నాను. కుట్టు బాగాలేదని గొడవ కూడా పడ్డాను. తప్పు కుట్టులో లేదు.

అంతకు ముందు ఏడాదంతా నేను చేసింది ఒక్కటే. "నిటారుగా కూర్చో, ఆ ఫోను మీదకి వంగిపోకు" అని కేకలెయ్యడం. పాపం, అది నిటారుగానే కూర్చుంటోంది. దాని వెన్నే పక్కకి తిరిగింది.

దగ్గర్లో ఉన్న డాక్టరు గారు స్కూలు బ్యాగు బరువు వల్ల అన్నారు, కాల్షియం రాశారు, ఎదిగితే అదే సర్దుకుంటుందన్నారు. మా ఆయనకి మనసొప్పక, పిల్లల వెన్నెముకలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఎక్స్-రే తీస్తే వంపు 31 డిగ్రీలు. దీన్ని స్కోలియోసిస్ అంటారని ఆరోజే విన్నాను.

పది డిగ్రీలు దాటితే ఆ పేరు పెడతారట. ఎదిగే వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. ఎక్కువమందిలో కారణం ఇదీ అని చెప్పలేరు. బ్యాగు వల్ల కాదు, కూర్చునే తీరు వల్ల కాదు, మా అత్తయ్య గారు అనుమానపడినట్టు కడుపుతో ఉన్నప్పుడు నేను గ్రహణం రోజు బయటికి వెళ్లినందుకూ కాదు. చిన్న వంపులు మగపిల్లల్లోనూ దాదాపు అంతే ఉంటాయి కానీ, పెరిగి పెద్దవయ్యేవి మాత్రం ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. అదీ పెద్దమనిషి కావడానికి కాస్త ముందు, పిల్ల గబగబా పొడుగు సాగే రోజుల్లో.

ఇక్కడే నాకు గుండె కలుక్కుమంది. చిన్నప్పుడు ప్రతి ఆదివారం నూనె పెట్టి, నలుగు పెట్టి, వీపు రుద్ది తలంటు పోసిన దాన్ని. పదేళ్లు దాటాక "నేనే పోసుకుంటానమ్మా" అని తలుపు గడియ పెట్టుకుంది. ఆడపిల్ల కదా, సహజమే అనుకున్నాను. అంటే వీపు చూడాల్సిన వయసు ఏదో, సరిగ్గా ఆ వయసులోనే మనం చూడటం మానేస్తాం. ఈ జబ్బు మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, పిల్ల తనంతట తాను చెప్పడానికి.

పాపకి బ్రేస్ వేశారు. గట్టి ప్లాస్టిక్ చట్రం, చంకల కింది నుంచి తుంటి దాకా. రోజుకి 18 గంటలు. మన ఎండల్లో లోపల బనీను తడిసి ముద్దయ్యేది. మొదటి వారం రాత్రిళ్లు అది ఏడుస్తుంటే, ఇదంతా అవసరమా అని నేనూ ఏడ్చాను. మా తోటికోడలు ఫోను చేసి, "ఇప్పుడు ఆపరేషన్లు బాగా వచ్చాయి కదా, పిల్లని ఎందుకు హింస పెడతావు?" అంది. మా పిన్ని ఇంకోలా అంది: "వెన్ను మీద కత్తి పెడితే కాళ్లు పడిపోతాయి. ఎవరికీ చెప్పకు, రేపు పెళ్లి కావాలి."

రెండు మాటలూ తప్పే అని నా అభిప్రాయం.

ముందు పిన్ని మాట. అమెరికాలో హారింగ్‌టన్ అనే డాక్టరు 1962లో వెన్నుకి స్టీలు కడ్డీ వేసే పద్ధతి గురించి రాసిన రోజుల్లో, ఆపరేషన్ అయ్యాక పిల్లలు నెలల తరబడి పిండికట్టుతో పడుండేవారు. ఇప్పుడు ఒక్కో వెన్నుపూసకీ స్క్రూలు వేసి రెండు కడ్డీలతో సరిచేస్తారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కాళ్లకి వెళ్లే నరాల సంకేతాలను యంత్రం మీద చూస్తూనే ఉంటారు. ప్రమాదం పూర్తిగా లేదని కాదు, చాలా తగ్గింది. మా అపార్టుమెంట్లో ఒకమ్మాయికి 56 డిగ్రీలు ఉంటే చేయించారు. రెండో రోజు నడిపించారు, వారంలో ఇంటికొచ్చింది. ఇంకా చిన్నపిల్లలకైతే, కడ్డీని పొడిగించడానికి ప్రతి ఆరు నెలలకీ మళ్లీ కొయ్యక్కర్లేకుండా బయటినుంచే అయస్కాంతంతో పొడిగించే కడ్డీలు వచ్చాయి. అమెరికాలో వాటికి 2014లో అనుమతిచ్చారు. వెన్నుని అతికించెయ్యకుండా తాడులాంటి దానితో లాగి పట్టి, ఎదుగుదలతోనే సరిచేసే పద్ధతికి 2019లో ఇచ్చారు.

అయితే తోటికోడలు మాట ఒప్పా? కాదు. కడ్డీలు వేసిన మేర వెన్ను ఇక జీవితమంతా వంగదు. కొత్త పద్ధతిలో ఆ తాడు తెగి రెండోసారి కొయ్యాల్సి రావచ్చు. ఆపరేషన్ అవసరమైనవాళ్లకి అది వరమే కానీ, అవసరం రాకుండా చూసుకోగలిగితే అంతకంటే ఏం కావాలి? అమెరికా, కెనడాల్లో చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, బ్రేస్ వేసుకున్నవాళ్లలో నూటికి 72 మందికి వంపు 50 డిగ్రీలకి చేరకుండా ఆగింది. ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్లలో 48 మందికే ఆగింది. ఎక్కువ గంటలు వేసుకుంటే ఎక్కువ లాభం. కానీ ఎదుగుదల ఆగిపోయాక బ్రేస్ వేసినా ప్రయోజనం లేదు. అందుకే త్వరగా కనిపెట్టాలని నా పోరు.

అమెరికాలో ఎముకల డాక్టర్ల సంఘాలు ఆడపిల్లలకి 10, 12 ఏళ్లప్పుడు, మగపిల్లలకి 13, 14 ఏళ్ల మధ్య ఒకసారి వీపు చూడాలంటాయి. మన స్కూళ్లలో కళ్లు, పళ్లు చూస్తారు. వీపు కూడా చూస్తే ఖర్చేముంది? ఒక్క నిమిషం పని.

ఏడాదిన్నర అయింది. పాప వంపు 31 దగ్గరే ఉంది. ఇంకా ఎదగాల్సింది ఉంది కాబట్టి ఆపరేషన్ తప్పిందని ఇప్పుడే చెప్పలేమన్నారు. తప్పకపోతే చేయిస్తాం, దాచుకోం. బ్రేస్ మీదకి వదులు టాపులు ఆ టైలరమ్మే కుడుతోంది.

ఈ ఆదివారం మీ అమ్మాయికి తలంటు వంకతో ఒక్కసారి వీపు చూడండి. కాళ్లు దగ్గర పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు చేతులూ జోడించి ముందుకి వంగమనండి. వెనక నిలబడి చూస్తే ఒక పక్క ఎత్తుగా కనిపిస్తోందా? కనిపిస్తే తిట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సిగ్గుపడితే బతిమాలండి. నేను బతిమాలలేదు, అదే నా బాధ.