పునాది బీటలు – మన తొందరపాటు

భవనం ఎంత ఎత్తైనదైనా దాని క్షేమం నేలలో దాగిన పునాదిపై ఆధారపడి ఉంటుంది. గోడ లేవకముందే ఆ పునాది బీటలు వారితే మనం సిమెంటునో, మేస్త్రీనో నిందిస్తాము. కొన్నిసార్లు ఆ నింద న్యాయమే. కాని మీటరును మించిన మందం గల కాంక్రీటు పునాదుల విషయంలో దోషం తరచుగా మన తొందరపాటుదేనని మా అభిప్రాయము.

సిమెంటు నీటితో కలిసినప్పుడు జరిగే రసాయనిక చర్యలో వేడి పుడుతుంది. పలుచని స్లాబులో ఆ వేడి త్వరగా గాలిలో కలిసిపోతుంది. మందపాటి దిమ్మెలో వెలుపలికి దారి లేక నిలిచిపోతుంది. కొద్ది రోజులలోనే లోపలి భాగం 60, 70 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరవచ్చు. పైపొర మాత్రం చల్లారి ముడుచుకోజూస్తుంది. వేడికి వ్యాకోచించిన లోపలి భాగం దానిని ముడుచుకోనివ్వదు. కాంక్రీటు నొక్కుడును ఓర్చినట్లు లాగుడును ఓర్చలేదు. అందులోనూ అది ఇంకా పచ్చిది. అందువల్లనే బీట. లోపలికీ పైకీ నడుమ తేడా సుమారు 20 డిగ్రీలను మించనీయరాదని ఇంజనీర్లు సాధారణంగా పాటించే నియమం.

ఒకచోట మే నెల మధ్యాహ్నపుటెండలో ఇటువంటి పునాది పోయడం మేము చూశాము. మరునాడే సెంట్రింగు చెక్కలు విప్పి, గొట్టంతో చన్నీళ్ళు కొట్టారు. అది శ్రద్ధేనని వారి నమ్మకం. కాలుతున్న లాంతరు చిమ్నీపై నీటిచుక్క పడితే ఏమవుతుందో మన ఇళ్ళలో పెద్దలెరుగుదురు. మూడవనాటికి బీటలు కనిపించాయి. మేస్త్రీ కూలి కోసివేశారు. తేదీ నిర్ణయించిన పెద్దలను ఎవరూ ప్రశ్నించలేదు.

అమెరికాలో హూవర్ ఆనకట్టకు 1933–35లో కాంక్రీటు పోసినప్పుడు, ఏకఖండంగా పోస్తే చల్లారడానికి 125 ఏళ్ళు పడుతుందని లెక్కగట్టారు. అందుకే దిమ్మెలుగా విభజించి, 582 మైళ్ళ పొడవైన ఉక్కు గొట్టాలలో చల్లని నీరు పారించారు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫా పునాది మందం 3.7 మీటర్లు. దానినీ ఒక్కమారుగా కాక నాలుగు విడతలుగా పోశారు.

మనకంత ధనమెక్కడిదని అడగవచ్చు. మన పునాదులకు గొట్టాలు అక్కరలేదు. చల్లని వేళ చూసి పోయడం, కంకరను నీడన ఉంచడం, కలిపే నీటిలో ఐసు వేయడం, నెమ్మదిగా వేడెక్కే బూడిద సిమెంటు వాడడం, తడి గోనెలు పరచి పైన పట్టా కప్పడం, చెక్కలు విప్పడానికి తొందరపడకపోవడం – ఇవి ధనం కంటె ఓర్పునే ఎక్కువగా కోరుతాయి. పైభాగం ఎండిపోరాదు, ఒక్కసారిగా చల్లారనూరాదు. భారత ప్రమాణం ఐ.ఎస్. 456:2000 సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద సిమెంటుకు 10 రోజులు తడి ఆరనీయరాదంటున్నది.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: ప్రారంభోత్సవ తేదీని ముందుగా ముద్రించి, పునాదిని దాని వెంట పరుగెత్తించవద్దు. విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు. బీట కనిపించిన నాడు కూలివాని వైపు వేలు చూపే ముందు, ఏ వేళ పోశారు, ఎన్నాళ్ళు కప్పి ఉంచారు అని అడగండి.