మద్దతు ధర పెంచారు, సుంకం కోసేశారు

కురిచేడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంత రైతులకు పొద్దుతిరుగుడు సాగు తెలియనిది కాదు. ఉత్తర అమెరికాలో పుట్టిన ఈ మొక్క నూనెగింజ పంటగా 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన దేశానికి వచ్చింది. మూడు నెలలకు అటూ ఇటూగా చేతికొస్తుంది. ఏ కాలంలోనైనా పూస్తుంది. సాగర్ నీళ్లు వరికి చాలనప్పుడు ఆరుతడి కింద వేసుకోదగ్గ పంట. అయినా మనం వెనకాడుతున్నాం. పండించడం చేతకాక కాదు, అమ్ముకోగలమన్న ధీమా లేక.

2025 మే 28న కేంద్రం మద్దతు ధరను క్వింటాలుకు 441 రూపాయలు పెంచి 7,721 చేసింది. రెండు రోజులు తిరక్కుండానే, మే 30న, ముడి పొద్దుతిరుగుడు నూనెపై మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి దించింది. బయటి నూనె చౌకగా ఓడ దిగుతుంటే మన గింజను వ్యాపారి మద్దతు ధరకు ఎందుకు కొంటాడు? కొనుగోలు కేంద్రం లేని చోట 7,721 కాగితం మీది అంకే. ఆ అంకెలో కూడా సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ లేవు. అందుకే మనం సి2 ప్లస్ 50 శాతం అడుగుతున్నాం.

జనానికి చౌక నూనె వద్దా అంటారు. కావాలి. కానీ మన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే నూనె ధర ఎలా మండిందో ప్రతి ఇల్లూ చూసింది. ఇక్కడి రైతు ఈ పంట మానేస్తే రేపు ఆ చౌక కూడా ఉండదు.

మన వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. ఒక్కరే ఎకరం వేస్తే చిలకలన్నీ ఆ చేలోనే వాలతాయి. పక్కపక్క చేల వాళ్లం కలిసి ఒకేసారి విత్తితే ఆ నష్టం ఒక్కడి మీదే పడదు. పూత మీద పురుగుమందు కొట్టొద్దు. తేనెటీగలు రాకపోతే గింజ తాలు పోతుంది.

ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. విత్తే ముందే సుంకం ప్రకటించి, పంట అమ్ముడయ్యేదాకా తగ్గించకూడదు. కోతల నాటికి కురిచేడులో కొనుగోలు కేంద్రం తెరవాలి. రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థ విత్తనాలను రాయితీపై అదనుకు ముందే ఇవ్వాలి. ఊరూరా గ్రామసభలో తీర్మానం చేద్దాం. రబీ విత్తనాలకు ముందే తహసీల్దారుకు అర్జీలు ఇద్దాం.