ఆగమమా? ఆదేశమా?

సంధి పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఒక పోలిక చెప్పేవాణ్ణి. ఆగమం మిత్రుని వంటిది. వచ్చి ఉన్న అక్షరం ప్రక్కన చేరుతుంది. ఆదేశం శత్రువు వంటిది. ఉన్నదానిని తొలగించి ఆ చోట తాను కూర్చుంటుంది. పదవీ విరమణ చేసిన ఇన్నేళ్లకు ఈ పోలిక మా మనుమడి కంప్యూటరు విషయంలో అక్కరకు వచ్చింది.

వాడి కంప్యూటరులో ఉన్నది ఎన్విడియా సంస్థ 2016లో విడుదల చేసిన జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. 2023లో ఒకనాడు, "తాతయ్యా, ఆట ఆగి ఆగి నడుస్తోంది. కార్డు మార్చాలి, కొంత డబ్బు సర్దుతావా?" అని అడిగాడు. "ఆటలకు వేలకు వేలా!" అన్న మాట నోటివరకు వచ్చింది. కాని కొని ఇంతవరకు తెరవని గ్రంథాలు నా బీరువాలో ఎన్ని ఉన్నాయో గుర్తుకు వచ్చి ఊరుకున్నాను. వాడి కోరికను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కారణం అడిగే హక్కు మాత్రం ఉంది. "దోషం కార్డుదేనని ఎలా నిర్ణయించావు?" అన్నాను. వాడు సమాధానం చెప్పలేకపోయాడు.

ఇద్దరం కూర్చుని పరీక్షించాం. ఆటలో రిజల్యూషన్ తగ్గిస్తే కార్డుపై భారం తగ్గుతుంది. అప్పుడు సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య పెరిగితే దోషం కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌లోనో మరెక్కడో వెదకాలి. వాడికి పెరగలేదు. చూడగా, ఉన్న 8 జీబీ ర్యామ్ పూర్తిగా నిండిపోతున్నది. మరొక 8 జీబీ చేర్చాం. ఆట నడక కుదుటపడింది. ఆగమంతో తీరే పనికి ఆదేశం ఎందుకు?

తెరను కూడా గమనించాలి. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 చిత్రాలనే చూపగలదు. కార్డు 120 తయారుచేసినా కంటికి చేరేవి అంతే. క్రొత్త కార్డు విడుదలైందన్నది మార్చడానికి కారణం కాదు. 2021లో చిప్పుల కొరత, క్రిప్టో మైనింగ్ కలిసి కార్డుల ధరలను విపరీతంగా పెంచాయి. అటువంటి వేళ అవసరం లేకున్నా తొందరపడటం నష్టమే.

అలాగని పాతదానినే పట్టుకు వేలాడమనడం నా మతం కాదు. 2025 మే నెలలో వచ్చిన 'డూమ్: ది డార్క్ ఏజెస్' అనే ఆటకు రే ట్రేసింగ్ చేయగల హార్డ్‌వేర్ తప్పనిసరి. 1060లో అది లేదు కనుక ఏ సెట్టింగు తగ్గించినా ప్రయోజనం లేదు. పైగా ఆ తరం కార్డులకు క్రొత్త ఆటలకై ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ముగించింది. ఇక 2028 అక్టోబరు వరకు భద్రతకు సంబంధించిన సవరణలే. చేర్పులతో తీరని లోటు ఇటువంటిదే. ఇది ఆదేశానికి తగిన కాలం.

మొన్న వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆడదలచిన ఆట పేరు, దానికి కావలసిన కార్డు, ఆ కార్డులో మెమరీ ఎంత, తన పవర్ సప్లై ఎన్ని వాట్లు — అన్నీ కాగితం మీద వ్రాసి తెచ్చాడు. నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటీ మిగల్చలేదు. డబ్బు ఇచ్చాను. ఆ కాగితాన్ని మాత్రం నేనే దాచుకున్నాను; ఈసారి పుస్తకాల అంగడికి వెళ్లేముందు అటువంటిది నేనూ ఒకటి వ్రాసుకోవాలి.