మెట్రో దిగాక క్లాస్‌రూమ్ దాకా ఎలా? ఓయూ విద్యార్థుల రోజువారీ ప్రయాణం లెక్క ఇదీ

ఉస్మానియా యూనివర్సిటీ మ్యాప్ ఒకసారి మీ ఫోన్‌లో తెరిచి చూడండి. ఉత్తరాన తార్నాక, హబ్సిగూడ మెట్రో స్టేషన్లు. పడమర వైపు ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్ ఎంఎంటీఎస్ స్టేషన్లు. చుట్టూ అడిక్‌మెట్, నల్లకుంట, అంబర్‌పేట, రామంతాపూర్, సీతాఫల్‌మండి కాలనీలు. వీటిని కలిపే ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. కాగితం మీద చూస్తే దేశంలో చాలా యూనివర్సిటీలకు లేని సౌకర్యం ఇది. అయినా రోజూ క్యాంపస్‌కు వచ్చేవాళ్లలో చాలామంది షేర్ ఆటోనో, స్నేహితుడి బండినో నమ్ముకుంటున్నారు. ఎందుకిలా?

అసలు సమస్య ఎక్కడుంది?

1917లో నిజాం ఫర్మానాతో యూనివర్సిటీకి రూపం వచ్చింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. అప్పట్లో ఇది ఊరికి దూరంగా ఉన్న చోటు. విద్యార్థి హాస్టల్లోనే ఉంటాడన్న లెక్కతో వెయ్యి ఎకరాలకు పైగా స్థలంలో భవనాలను దూరదూరంగా కట్టారు. తర్వాత నగరం వచ్చి నాలుగు వైపులా చుట్టేసింది. ఇప్పుడు హాస్టల్ సీటు దొరకనివాళ్లు, ఇంటి నుంచే వచ్చేవాళ్లు, లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు పక్క కాలనీల నుంచే వస్తారు.

కాబట్టి క్యాంపస్ అంచు దాకా రావడం పెద్ద కష్టం కాదు. అక్కడి నుంచి లోపలికి వెళ్లడమే కష్టం. తార్నాక మెట్రో నుంచి ఆర్ట్స్ కాలేజీకి కిలోమీటరుకు పైనే నడవాలి. లా కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ, సైన్స్ విభాగాలు తలో దిక్కున ఉన్నాయి. ఒకటిన్నర కిలోమీటరు నడకకు 20 నిమిషాలు పడుతుంది. డిసెంబరులో అది హాయి. ఏప్రిల్ మధ్యాహ్నం అదే దారి శిక్ష.

జేబు మీద భారం ఎంత?

ఇద్దరు విద్యార్థులు ఒకే కాలనీ నుంచి ఒకే క్లాసుకు వస్తున్నారనుకోండి. నెలకు 24 రోజులు లెక్క వేద్దాం.

మెట్రో: 2025 మే 24 నుంచి అమల్లోకి వచ్చిన ఛార్జీల ప్రకారం 4 నుంచి 6 కిలోమీటర్ల దూరానికి టికెట్ 28 రూపాయలు. రానూపోనూ 56. నెలకు 1,344 రూపాయలు. దిగాక షేర్ ఆటోకు ఒక్కోసారి 10 రూపాయలే అనుకున్నా మరో 480. మొత్తం 1,824.

ఎంఎంటీఎస్: కనీస ఛార్జీ 5 రూపాయలు. ఆ దూరంలోనే ఉంటే నెలకు 240.

ఆర్టీసీ: 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ సున్నా. అబ్బాయిలైతే విద్యార్థి బస్ పాస్ తీసుకోవాలి.

అంటే ఒకే చోటి నుంచి ఒకే చోటికి నెల ఖర్చు సున్నా నుంచి దాదాపు 1,800 దాకా ఉంది. ఇక్కడ ఇంకో మెలిక గమనించండి. మహాలక్ష్మికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. కర్నూలు నుంచో, ఒంగోలు నుంచో వచ్చి అంబర్‌పేటలో గది తీసుకున్న అమ్మాయి ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంటే టికెట్ కొనాల్సిందే. ఏపీలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆమెకు హైదరాబాద్ సిటీ బస్సులో పనికిరాదు. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరమ్మాయిల ప్రయాణ ఖర్చును కార్డు మీది చిరునామా నిర్ణయిస్తోంది.

అంత చౌకైతే అందరూ ఎంఎంటీఎస్ ఎందుకు ఎక్కరు?

రైలు ఎప్పుడొస్తుందన్న నమ్మకం ఉండదు కాబట్టి. సికింద్రాబాద్–కాచిగూడ–ఫలక్‌నుమా మార్గంలో లోకల్ రైళ్లకు విడిగా పట్టాలు లేవు. దూరప్రాంత రైళ్లతో కలిసి నడవాలి. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చేందుకు లోకల్ ఆగిపోతే మీ తొమ్మిదిన్నర క్లాసు పోయినట్టే. 2023 ఏప్రిల్‌లో సేవలను మేడ్చల్, ఉందానగర్ దాకా పొడిగించారు. దాంతో నగర శివార్ల విద్యార్థికి కూడా ఈ స్టేషన్లు అందుబాటులోకి వచ్చాయి. అయితే రైలు మార్గం పొడవు పెరగడం ఒకటి, రైళ్ల సంఖ్య పెరగడం మరొకటి. విద్యార్థికి కావాల్సింది రెండోది.

బస్సుల సంగతీ అంతే. తార్నాక నుంచి విద్యానగర్, నల్లకుంట వైపు వెళ్లే బస్సులు జామై ఉస్మానియా మీదుగా పోతాయి. అవి నగరంలో ఒక మూల నుంచి మరో మూలకు వెళ్లేవి. మెట్రో రైలు వచ్చే సమయానికి స్టేషన్ దగ్గర ఆగి, డిపార్ట్‌మెంట్ల ముందు దించేలా వేసినవి కావు.

ఈ ఖాళీని షేర్ ఆటోలు నింపుతున్నాయి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఆటోకు ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. దారిలో ఒక్కొక్కరిని ఎక్కించుకుంటూ, దించుకుంటూ పోవడం దాని కిందికి రాదు. అందుకే ఛార్జీకి బోర్డు లేదు, వేళలకు హామీ లేదు, పరిమితికి మించి ఎక్కించుకుంటే అడిగే దిక్కు లేదు. పగలు దీన్ని సర్దుకుపోవచ్చు. రాత్రి లైబ్రరీ నుంచి బయటికొచ్చే అమ్మాయికి మాత్రం ఇదే అసలు ప్రశ్న. తిరుగు ప్రయాణం భరోసా లేకపోతే ఆమె ఏడింటికే పుస్తకం మూసేస్తుంది. అలా పోయేది బస్సు టికెట్ డబ్బు కాదు, చదువుకునే గంటలు.

బాధ్యత ఎవరిది?

నలుగురిది. అందుకే ఎవరిదీ కాకుండా పోతోంది. ఎంఎంటీఎస్ దక్షిణ మధ్య రైల్వేది. బస్సులు టీజీఎస్ ఆర్టీసీవి. మెట్రో ఎల్‌అండ్‌టీతో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో వచ్చింది. క్యాంపస్ లోపలి రోడ్లు యూనివర్సిటీవి. కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో రైలు విధానం స్టేషన్‌కు రెండు వైపులా 5 కిలోమీటర్ల పరిధిలో ఫీడర్ సర్వీసులు, నడక దారులపై రాష్ట్రాలు ప్రాజెక్టు నివేదికలోనే హామీ ఇవ్వాలంది. హైదరాబాద్ మెట్రో ఒప్పందం అంతకు ముందుది.

మారే అవకాశం ఇప్పుడే ఉంది. మెట్రో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వం తీసుకునేందుకు 2025 సెప్టెంబరులో ఎల్‌అండ్‌టీతో సూత్రప్రాయ అంగీకారం కుదిరింది. బస్సూ మెట్రో రెండూ ఒకే ప్రభుత్వం చేతిలో ఉంటే, రెండింటికీ కలిపి ఒక విద్యార్థి పాస్ ఎందుకు ఇవ్వరని అడగొచ్చు. 2023 జులైలో మెట్రో 20 ట్రిప్పుల డబ్బుకు 30 ట్రిప్పులు తిరిగే విద్యార్థి పాస్ తెచ్చింది. అది పరిమిత కాలపు ఆఫర్‌గా మొదలైందే తప్ప ఆర్టీసీ పాస్‌లా స్థిరమైన రాయితీ కాదు.

ఢిల్లీని చూడండి. జేఎన్‌యూ లోపలి హాస్టళ్ల దాకా 615 నంబరు సిటీ బస్సు వెళ్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ నార్త్ క్యాంపస్ పక్కనే 2004 నుంచి విశ్వవిద్యాలయ మెట్రో స్టేషన్ ఉంది. ఓయూకు కొత్త రైలు మార్గం అక్కర్లేదు. తార్నాక మెట్రో, ఆర్ట్స్ కాలేజీ ఎంఎంటీఎస్, లైబ్రరీ, హాస్టళ్లను కలుపుతూ ఉదయం నుంచి రాత్రి దాకా తిరిగే రెండు మూడు చిన్న బస్సులు చాలు.

మీరేం చేయొచ్చు?

- ఆర్టీసీ విద్యార్థి పాస్‌కు కాలేజీ ధ్రువీకరణ తప్పనిసరి. అడ్మిషన్ పూర్తి కాగానే దరఖాస్తు చేయండి.
- ఫలానా వేళకు బస్సు కావాలంటే డిపో మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ‘డయల్ యువర్ డీఎం’ ఉన్న రోజు ఫోన్‌లోనూ చెప్పొచ్చు. క్లాస్ మొత్తం సంతకాలతో, ఏ స్టాప్‌లో ఏ సమయానికి ఎంతమందో రాస్తే విలువ ఎక్కువ.
- మీ మార్గంలో రోజుకు ఎన్ని ట్రిప్పులు వేశారు, ఎన్ని రద్దు చేశారు అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.
- క్యాంపస్ లోపలి దీపాలు, ఫుట్‌పాత్‌ల విషయం ఆర్టీసీది కాదు. రిజిస్ట్రార్‌కు రాయండి.